హిట్టింగ్ కోచ్‌కి కేజ్ కట్టిన శీతాకాలం: ప్రాజెక్టు డైరీ

సియాటిల్ తూర్పు శివార్లలో 13, 14 ఏళ్ళ పిల్లల బేస్‌బాల్ జట్టు ఒకటుంది. మైనర్ లీగుల్లో (మేజర్ లీగ్ అనే పెద్ద లీగ్‌కి కింది మెట్టు) ఏళ్ళ తరబడి ఆడి రిటైరైన బ్యాటర్ ఒకాయన ఈ సీజన్ నుంచి వాళ్ళకి హిట్టింగ్ కోచ్. జట్టులో తెలుగు ఇళ్ళ పిల్లలు చాలామందే ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది చేతికి మొదట అలవాటైంది క్రికెట్ బ్యాటు. కోచ్‌కి కొట్టడం బాగా వచ్చు. ఆ విద్య పిల్లలకి పట్టుబడాలంటే చోటు (చుట్టూ, పైనా నెట్ కట్టిన సాధన గది, దాన్నే కేజ్ అంటారు) కావాలి, సామాను కావాలి, రోజూ ఏది ముందు ఏది వెనక అన్న వరస కావాలి. ఆ మూడూ చూసుకోవడం వాలంటీర్ల పని. అక్టోబరు నుంచి మార్చి దాకా సాగిన ఆ పని, దాని కొలతలు, ఎక్కడెక్కడ తేడా కొడుతుంది అన్నవి ఇక్కడ రాసి పెడుతున్నాం.

ఈ ఊళ్ళో రిటైరైన బ్యాటర్ కోచ్‌గా తిరిగి రావడం అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు ఎడ్గార్ మార్టినెజ్. 1987 నుంచి 2004 దాకా మొత్తం సియాటిల్ మేజర్ లీగ్ జట్టు మారినర్స్‌కే ఆడాడు. సగటు .312 (అంటే లెక్కలోకి వచ్చే వెయ్యి అవకాశాల్లో 312 హిట్లు), 309 హోమ్ రన్లు, 1992లోనూ 1995లోనూ అమెరికన్ లీగ్‌లో అత్యధిక సగటుకి బ్యాటింగ్ టైటిళ్ళు. 2015 జూన్‌లో సీజన్ నడుస్తుండగానే అదే జట్టుకి హిట్టింగ్ కోచ్‌గా వచ్చి 2018 దాకా ఉన్నాడు. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు. 2024 ఆగస్టులో డాన్ విల్సన్ మేనేజర్ అయినప్పుడు మళ్ళీ వచ్చి ఆ సీజన్ మిగతా భాగానికి హిట్టింగ్ పగ్గాలు పట్టాడు.

పెద్ద పేరున్న బ్యాటర్లందరూ కోచ్‌లుగా ఇంతకాలం నిలబడలేదు. జార్జ్ బ్రెట్ 2013లో కాన్సాస్ సిటీ రాయల్స్‌కి మే చివర్లో తాత్కాలిక హిట్టింగ్ కోచ్‌గా వచ్చి జులైలో దిగిపోయాడు. బ్యారీ బాండ్స్ 2016లో మయామి మార్లిన్స్‌తో ఒక్క సీజనే ఉన్నాడు. ఆట తెలియకనా? ఇద్దరికీ తెలిసినంత హిట్టింగ్ ఎవరికి తెలుసు! తన ఒంటికి అర్థమైనది ఇంకొకడి ఒంటికి మాటలతో దిగదు. కసరత్తు సరిగ్గా అమర్చితే దిగుతుంది. ఈ ప్రాజెక్టు మొత్తం ఆ నమ్మకం మీదే నడుస్తోంది: కోచ్ మాట తక్కువ, కేజ్ ఏర్పాటు ఎక్కువ.

అక్టోబరు: కేజ్

ఇక్కడ అక్టోబరులో పట్టుకున్న వాన మార్చి దాకా ఉంటుంది, కాబట్టి పని అంతా గోడౌన్ లోపలే. దొరికిన చోటు పొడవు 65 అడుగులు. మామూలుగా కేజ్ 70 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, 12 అడుగుల ఎత్తు ఉంటుంది. మేం పొడవు 60కి తగ్గించి వెడల్పూ ఎత్తూ అలాగే ఉంచాం. పొడవు తగ్గితే బంతులు విసిరే మెషిన్ వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెడల్పు 12 అడుగులకి దిగితే మాత్రం పిల్లవాడి బ్యాటు కొస పక్క నెట్‌కి తగులుతుంది, వాడు తెలియకుండానే స్వింగ్ ముడుచుకుంటాడు. ఆ అలవాటు తర్వాత వదలదు.

నెట్ 36 నంబరు నైలాన్. గోడకీ నెట్‌కీ మధ్య కనీసం 2 అడుగుల ఖాళీ ఉంచాలి, లేకపోతే బంతి నెట్‌తో సహా గోడని కొట్టి వెనక్కి లేస్తుంది. పైన పావు అంగుళం స్టీల్ కేబుల్, రెండు కొసల్లో టర్న్‌బకిల్స్ (తిప్పి బిగించే మరలు), ప్రతి 2 అడుగులకీ ఒక కొక్కెం. కేబుల్‌ని బిగించాలి, నెట్‌ని మాత్రం వదులుగా వేలాడనివ్వాలి. నెట్ కూడా బిగిస్తే బంతి అంతే జోరుగా వెనక్కి వస్తుంది. కింద ఒక అడుగు నెట్ నేల మీద పరుచుకునేలా వదిలాం, బంతి దూరిపోకుండా. ముందుగా చిరిగేది ప్లేట్ (బ్యాటర్ పక్కన నిలబడి కొట్టే, నేలలో పరిచిన పలక) వెనక భాగమే, ఫౌల్ టిప్పులన్నీ, అంటే బ్యాటుకి రాసుకుని వెనక్కి పోయే బంతులన్నీ, అక్కడే తగులుతాయి కాబట్టి. అక్కడ మొదటి రోజే రెండో పొర వేలాడదీశాం.

నేల మీద టర్ఫ్, కింద ఫోమ్ పొర. ప్లేట్ 17 అంగుళాల వెడల్పు. బ్యాటర్ బాక్సులు ఒక్కొక్కటి 4 అడుగులు × 6 అడుగులు, ప్లేట్ అంచు నుంచి 6 అంగుళాల దూరం. వీటిని తెల్ల పెయింటుతో గీశాం. టేపు వేస్తే స్పైకులు లేని బూట్లకి కూడా లేచిపోతుంది. గీతలు లేని కేజ్‌లో పిల్లలు రోజుకో చోట నిలబడతారు, అప్పుడు ఏ కొలతకీ అర్థం ఉండదు.

ఎల్-స్క్రీన్, అంటే బంతి విసిరేవాళ్ళకి అడ్డుగా పెట్టే నెట్ తెర, 7 అడుగుల చదరం, ఒక మూల కోసినది. పైపుల చుట్టూ ఫోమ్ తప్పనిసరి. నెట్‌కి తగిలిన బంతి ఆగిపోతుంది, పైపుకి తగిలిన బంతి ఎటు పోతుందో చెప్పలేం. బంతి విసిరినవాళ్ళు చెయ్యి స్క్రీన్ వెనక్కి తెచ్చుకునేదాకా బకెట్ వైపు చూడకూడదు. ఈ ఒక్క నియమం కేజ్ తలుపు మీద పెద్ద అక్షరాల్లో ఉంది.

అక్టోబరు చివర: కప్పుకి రిబ్బన్లు

ఇది కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే ఖర్చు దాదాపు ఏమీ లేదు, ఉపయోగం మాత్రం శీతాకాలమంతా.

కేజ్ లోపల కొట్టిన బంతి బయట ఎంత దూరం వెళ్ళేదో పిల్లలకి తెలియదు. నెట్‌కి గట్టిగా తగిలితే చాలు సంతోషం. కానీ బంతి కప్పు నెట్‌ని ఎక్కడ తాకిందో చూస్తే ఎంత కోణంలో లేచిందో లెక్క కట్టొచ్చు. బంతిని నేల నుంచి 3 అడుగుల ఎత్తులో కొట్టారు, కప్పు 12 అడుగులు, అంటే 9 అడుగులు లేవాలి. బ్యాటు నుంచి బంతి గంటకి 70 మైళ్ళ వేగంతో బయల్దేరిందనుకుంటే, 35 డిగ్రీల కోణంలో లేచిన బంతి ప్లేట్ నుంచి సుమారు 13 అడుగుల దగ్గర కప్పుని తాకుతుంది. 25 డిగ్రీలైతే 21 అడుగులు, 15 డిగ్రీలైతే 47 అడుగులు. 10 డిగ్రీల బంతి అసలు కప్పుని తాకదు, అది 5 అడుగులు కూడా లేవకముందే కిందికి తిరుగుతుంది.

కాబట్టి కప్పు నెట్‌కి 13 అడుగుల దగ్గర ఎర్ర రిబ్బన్, 21 దగ్గర పసుపు, 47 దగ్గర ఆకుపచ్చ అడ్డంగా కట్టాం. ఎర్ర రిబ్బన్‌కి ముందే తాకితే అది గాల్లోకి లేచిన తేలిక క్యాచ్. ఎర్రకీ పసుపుకీ మధ్యైతే ఈ వయసు బలానికి ఎక్కువసార్లు అవుట్‌ఫీల్డర్ చేతిలోకే. పసుపు దాటి తాకినా, అసలు కప్పుని తాకకుండా ఎదురు చివరి నెట్ పైభాగానికి తగిలినా మంచి లైన్ డ్రైవ్, అంటే పెద్దగా లేవకుండా జోరుగా నేరుగా పోయే బంతి. మేజర్ లీగ్‌లో ప్రతి బంతినీ కొలిచే స్టాట్‌కాస్ట్ లెక్కల్లో కూడా 8 నుంచి 32 డిగ్రీలని స్వీట్ స్పాట్ అంటారు. ఆ పై కొస పనికి రావాలంటే పెద్దవాళ్ళ జోరు ఉండాలి.

రిబ్బన్ కట్టాక కోచ్ "కింద నుంచి కొట్టకు, పైనుంచి కొట్టకు" అనే మాటలు మానేశాడు. "పసుపు దాటించు" అంటాడు, అంతే. చేతులు, మోచేతులు, నడుము వాటంతట అవే దారి వెతుక్కుంటాయి. వేగం మారితే దూరాలు కొద్దిగా మారతాయి: బంతి మెల్లగా వెళ్తే గురుత్వాకర్షణ ఎక్కువ లాగుతుంది, ఆకుపచ్చ రిబ్బన్ మరీ తేడా పడుతుంది. ఎర్ర, పసుపు రిబ్బన్లు మాత్రం 60 నుంచి 80 మైళ్ళ వేగం దాకా ఒకటి రెండు అడుగుల తేడాతో సరిపోతాయి.

నవంబరు మొదట: మాట్లాడకుండా చూడటం

కోచ్ పెట్టిన మొదటి షరతు ఇది. ప్రతి పిల్లవాడి స్వింగ్ రికార్డయ్యేదాకా ఎవరూ ఏమీ దిద్దకూడదు.

కొలత పద్ధతి ఒక్కటే, అందరికీ: టీ (బంతిని నిలిపే కర్ర) మీద 10 స్వింగులు, ఫ్రంట్ టాస్ (ఎదురుగా దగ్గర్నుంచి చెయ్యి కింద నుంచి వేసే బంతి) 10, మెషిన్ 10. రెండు కెమెరాలు. ఒకటి బ్యాటర్ ఛాతీ వైపు నుంచి, నడుము ఎత్తులో, 12 అడుగుల దూరంలో, నెట్ బయట. రెండోది సరిగ్గా వెనక, క్యాచర్ చోటు నుంచి. ఫోన్ స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు. బ్యాటు కొస గంటకి 60 మైళ్ళతో తిరుగుతుంటే ఒక్కో ఫ్రేముకీ సుమారు 4.4 అంగుళాలు కదులుతుంది, కాబట్టి బంతి తగిలిన క్షణం సరిగ్గా ఫ్రేములో దొరకకపోవచ్చు. దానికి ముందు ఫ్రేము, వెనక ఫ్రేము రెండూ చూసుకోవాలి. షట్టర్ 1/1000 సెకను కన్నా నెమ్మదైతే బ్యాటు పొగలా కనిపిస్తుంది. గోడౌన్ ట్యూబ్ లైట్ల కింద వీడియో మినుకు మినుకుమంటుంది, ప్లేట్ దగ్గర రెండు ఎల్ఈడీ వర్క్ లైట్లు పెడితే ఆ బాధ చాలావరకు పోతుంది.

వీడియోని పనిముట్టుగా మొదట నమ్మినవాళ్ళలో శాన్ డియాగో పాడ్రెస్ టోనీ గ్విన్ ఒకడు. 1980ల్లోనే తన స్వింగులు టేపుల్లో ఎక్కించుకుని చూసుకునేవాడు. రిటైరయ్యాక శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీకి కోచ్ అయ్యాడు. .338 సగటు ఉన్న మనిషే కంటి గుర్తుని నమ్ముకోకుండా టేపు వేసి చూసుకున్నాడంటే పదమూడేళ్ళ పిల్లలకి అది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

బ్యాట్లు కూడా ఇప్పుడే సరిచూశాం. పిల్లవాడు బ్యాటుని ఒక చేత్తో, పిడి కొసకి దగ్గర ఉండే చేత్తో, భుజం ఎత్తులో ముందుకి చాచి 20 సెకన్లు వణక్కుండా నిలపాలి. నిలవకపోతే బరువెక్కువ. ఈ వయసుకి 30 నుంచి 32 అంగుళాలు సరిపోతుంది. 31 అంగుళాల బ్యాటు 26 ఔన్సులుంటే, ఔన్సుల్లోంచి అంగుళాలు తీసేస్తే, అది మైనస్ 5. హైస్కూల్‌కి వెళ్ళాక మైనస్ 3 బీబీకోర్ బ్యాటు (బంతి ఎగిరే జోరుకి హద్దు పెట్టే ప్రమాణం ముద్ర ఉన్నది) తప్పదు, అంటే 32 అంగుళాలకి 29 ఔన్సులు. అందుకే కాస్త పెద్ద పిల్లలకి టీ మీద కొన్ని స్వింగులు ఆ బరువుతో ఇప్పటి నుంచే అలవాటు చేస్తున్నాం. "పెద్దయ్యాక సరిపోతుందిలే" అని ఒక సైజు ఎక్కువ కొనడం మన ఇళ్ళల్లో మామూలు. చెప్పుల సంగతేమో గానీ, బ్యాటు విషయంలో అది స్వింగ్‌ని పాడుచేస్తుంది: బరువు లాగలేక పిల్లవాడు చేతులు ముందే చాపేస్తాడు.

నవంబరు: క్రికెట్ చేతులు

వీడియోల్లో స్పష్టంగా కనిపించినవి ఇవి. తప్పులు అనడం సరికాదు, వేరే ఆటకి సరైన అలవాట్లు.

క్రికెట్లో బ్యాటు కింద నుంచి లేస్తుంది. ఇక్కడ బ్యాటు మొదటి నుంచీ భుజం దగ్గరే ఉండాలి, అక్కడి నుంచే బయల్దేరాలి. క్రికెట్ పిల్లలు బౌలర్ కదలగానే చేతుల్ని ఒకసారి కిందికి దించి మళ్ళీ లేపుతారు. మెషిన్ నెమ్మదిగా ఉన్నంతసేపు అది బయటపడదు, వేగం పెరగ్గానే ప్రతి బంతికీ ఆలస్యం. మందు సులువు: వెనక కాలి మీద బరువు వేసి, బ్యాటు వెనక భుజానికి ఆనించి మొదలుపెట్టి, అక్కడి నుంచే నేరుగా స్వింగ్.

రెండోది ముందు కాలు. డ్రైవ్ కొట్టేటప్పుడు తల ముందు మోకాలి మీదికి వంగడం క్రికెట్లో మంచి పద్ధతి. బేస్‌బాల్‌లో ముందు కాలు గోడకి ఊతకర్రలా గట్టిగా నిలబడాలి, ఒళ్ళు దాని చుట్టూ తిరగాలి. తల ముందుకి పోతే బంతి ఉన్న వేగం కంటే ఎక్కువ వేగంగా వస్తున్నట్టు కనిపిస్తుంది. ముందు పాదం దిగే చోటికి ఆరంగుళాలు అవతల సన్నటి ఫోమ్ దిమ్మె పెడతాం. దాన్ని తొక్కితే స్ట్రైడ్ (ముందు కాలు వేసే అడుగు) ఎక్కువైనట్టు. ఎవరూ చెప్పక్కర్లేదు, కాలికే తెలిసిపోతుంది.

మూడోది కట్. ఆఫ్ స్టంప్ బయట బంతిని వెనక్కి తోసి పరుగు తీసే తెలివి ఇక్కడ ఫౌల్ బంతి అవుతుంది, అంటే రెండు స్ట్రైకులు పడేదాకా అదీ స్ట్రైకే (మూడు స్ట్రైకులైతే అవుట్). అవతలి అంచు బంతిని, అంటే ప్లేట్ మీద బ్యాటర్‌కి దూరపు అంచున వచ్చేదాన్ని, ఎదురు ఫీల్డ్ వైపు కొట్టడం నేర్పాలంటే కేజ్ పక్క నెట్‌లో ఒక దుప్పటి వేలాడదీసి గురి చూపించడం కన్నా మంచి మార్గం మాకు కనబడలేదు. కుడిచేతి బ్యాటర్‌కి కుడివైపు, సెకండ్ బేస్‌మన్ ఉండే దిక్కున.

చేతుల పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. క్రికెట్లో పై చెయ్యి అనేది ఇక్కడ కింది చెయ్యి, ఎందుకంటే బ్యాటు తలకిందులుగా పట్టుకుంటాం. అందుకని కోచ్ ఎడమ, కుడి అనే చెప్తాడు.

నెట్ బయట నిలబడ్డ నాన్నలు "ముందుకొచ్చి కొట్టరా!" అని అరుస్తారు. పిల్లవాడు నాన్న మాటే వింటాడు, కోచ్ మాట కాదు. పెద్దల కుర్చీలు ఇప్పుడు గోడౌన్ ఆ చివర ఉన్నాయి.

డిసెంబరు: టీ, టాస్

టీ మీద కొట్టడం చిన్నపిల్లల పని అనుకుంటారు. చాలామంది మేజర్ లీగ్ బ్యాటర్లు రోజూ చేసే మొదటి పని అదే.

ఎక్కువమంది టీని ప్లేట్ మధ్యలో పెట్టి, దానికి సరిగ్గా ఎదురుగా నిలబడతారు. అప్పుడు బంతి పొట్ట ఎదురుగా ఉంటుంది, మోచేతులు ముడుచుకుని కొట్టాల్సి వస్తుంది. టీని ప్లేట్‌ని బట్టి కాదు, స్ట్రైడ్ వేశాక ముందు పాదం దిగిన చోటుని బట్టి పెట్టాలి. మధ్య బంతి: ముందు పాదానికి సమంగా, లేదా కొద్దిగా ముందు. ఇవతలి అంచు బంతి: దానికన్నా ఇంకా ఓ 6 అంగుళాలు ముందు, బ్యాటు చుట్టూ తిరిగి రావడానికి ఎక్కువ దూరం కావాలి కాబట్టి. అవతలి అంచు బంతి: ముందు పాదానికి కొద్దిగా వెనక. ఈ మూడు చోట్లా టర్ఫ్ మీద మూడు చుక్కలు పెట్టాం, పొట్టి, మధ్య, పొడుగు పిల్లలకి వేర్వేరు రంగులు.

ప్రతి స్వింగ్ ముందూ తల ఎత్తి మౌండ్ (బంతి విసిరే పిచర్ నిలబడే దిబ్బ) ఉండే చోటుని చూడాలి, తర్వాతే బంతిని. నేరుగా బంతినే చూస్తూ మొదలుపెడితే తల కిందికి వంగిన భంగిమ అలవాటవుతుంది, మైదానంలో అది పనికి రాదు. టీ పై రబ్బరు వెనకవైపు తరచూ చిరుగుతుంటే బ్యాటు నిటారుగా పైనుంచి దిగుతోందని అర్థం. మౌండ్ మీద నుంచి వచ్చే ఫాస్ట్‌బాల్ ప్లేట్ దగ్గరికి వచ్చేసరికి సుమారు 5 నుంచి 10 డిగ్రీలు కిందికి దిగుతూ ఉంటుంది. బ్యాటు దానికి ఎదురుగా అంతే కోణంలో కొద్దిగా పైకి వస్తే రెండూ ఒకే గీత మీద ఎక్కువసేపు ఉంటాయి. పాత తరం బ్యాటర్లు "బంతి మీదికి దిగి కొట్టాలి" అంటారు. వాళ్ళకి లోపల అలాగే అనిపిస్తుంది, అబద్ధం కాదు, కానీ వాళ్ళ వీడియోలే చూస్తే బ్యాటు పైకి వెళ్తూ ఉంటుంది. మా కోచ్ తన పాత స్వింగుల్ని తానే ఫ్రేము ఫ్రేముగా చూసి, ఆ మాట పిల్లలకి చెప్పడం ఆపాడు.

ఫ్రంట్ టాస్ 18 అడుగుల నుంచి, ఎల్-స్క్రీన్ వెనక బకెట్ మీద కూర్చుని, చెయ్యి కింద నుంచి. బంతి నేరుగా, గట్టిగా వెళ్ళాలి. మెల్లగా పైకి లేపి వేస్తే బంతి నిటారుగా దిగుతుంది, పిల్లవాడు దానికోసం కింద నుంచి పైకి గుంజడం నేర్చుకుంటాడు. ఒక బకెట్, అంటే 5 గాలన్ల దాంట్లో 30 బంతులు, ఇద్దరు పిల్లలకి. ఒకేసారి 6 స్వింగులు, ఆపై రెండోవాడి వంతు. ఒకడికే 30 వేస్తే చివరి 15 అలసిన స్వింగులు, ఒళ్ళు గుర్తుపెట్టుకునేది వాటినే.

జనవరి: మెషిన్

రెండు చక్రాల మెషిన్. దీని గురించి ఎక్కువ రాయాలి, ఎక్కువ పాడయ్యేదీ ఇదే.

ముందు దూరం లెక్క. 60 అడుగుల 6 అంగుళాల మౌండ్ నుంచి పిచర్ చెయ్యి ముందుకి చాచి వదులుతాడు కాబట్టి బంతి నిజంగా ప్రయాణించేది సుమారు 55 అడుగులు. గంటకి 70 మైళ్ళంటే సెకనుకి 102.7 అడుగులు, అంటే బ్యాటర్‌కి దొరికేది 0.54 సెకన్లు. మెషిన్ 40 అడుగుల దూరంలో ఉంది. అదే సమయం ఇవ్వాలంటే వేగం 51 మైళ్ళు చాలు. మెషిన్‌ని 60 మైళ్ళకి పెంచితే 0.45 సెకన్లు, అది మౌండ్ నుంచి 82 మైళ్ళ బంతికి సమానం, ఈ వయసుకి చాలా ఎక్కువ. గాలి తగ్గించే వేగాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోలేదు. ఈ పట్టీ మెషిన్ మీదే అతికించాం, ఎందుకంటే పిల్లలు అంకె చూసి "60ఏనా?" అని డయల్ తిప్పేస్తారు.

బంతులు: గుంటల రబ్బరు బంతులే. కుట్టు ఉన్న తోలు బంతి చక్రాల మధ్య ప్రతిసారీ వేరే విధంగా పడుతుంది, కుట్టు తగిలిన వైపు జారుతుంది, రెండు వరస బంతులు అడుగు తేడాతో వెళ్తాయి. తోలు బంతే వెయ్యాల్సి వస్తే కుట్టు ప్రతిసారీ ఒకే దిక్కుకి తిప్పి పెట్టాలి. కొన్ని వందల బంతుల తర్వాత చక్రాల మీద నున్నటి మెరుపు వస్తుంది, పట్టు పోతుంది, బంతులు పొట్టిగా పడతాయి. మెషిన్ ఆపి, ప్లగ్ పీకి, తడిగుడ్డతో తుడిచి, మెరుపు పోకపోతే సన్న గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దాలి. గాలి చక్రాలైతే రెండింటిలోనూ గాలి ఒకేలా ఉందో లేదో చూడాలి, ఒకటి మెత్తబడితే బంతి పక్కకి తిరుగుతుంది. ఒక బంతి వెళ్ళాక చక్రాలు మళ్ళీ పూర్తి వేగం అందుకోవడానికి కొన్ని సెకన్లు ఆగాలి. తొందరపడి వేస్తే రెండో బంతి ఎప్పుడూ మెల్లగా, కిందికి పోతుంది.

మెషిన్‌కి చెయ్యి లేదు, అదే దానితో పెద్ద చిక్కు. పిచర్ చెయ్యి కదలిక చూసి బ్యాటర్ కాలు ఎత్తుతాడు. మెషిన్‌లో బంతి ఒక్కసారిగా వస్తుంది, పిల్లవాడు కాలు ముందే పెట్టేసి చేతులతో మాత్రమే కొడతాడు. అందుకని బంతి పెట్టేవాళ్ళు దాన్ని తల పైకి ఎత్తి చూపించి, పిచర్ లయలోనే కిందికి తెచ్చి, చక్రాల్లోకి వదలాలి. ప్రతిసారీ అదే లయ. ఈ చిన్న పని సరిగ్గా చేసేవాళ్ళు దొరకడం కష్టం, దొరికితే పిల్లల టైమింగ్ ఒక్క వారంలోనే కుదురుతుంది. బంతి పెట్టేవాళ్ళకి హెల్మెట్, ముందు స్క్రీన్ తప్పనిసరి.

జనవరి రెండో సగం: కళ్ళు

ఎడ్గార్ మార్టినెజ్‌కి స్ట్రాబిస్మస్ ఉండేది. రెండు కళ్ళూ ఒకే బిందువు మీద కుదరని ఇబ్బంది అది. దాన్ని పెట్టుకునే మేజర్ లీగ్‌లో ఆడాడు, రోజూ కంటి కసరత్తులు చేసేవాడు. టెన్నిస్ బంతుల మీద అంకెలు రాసి, మెషిన్ నుంచి వచ్చేటప్పుడు అవి చదివేవాడు. ఈ ప్రాజెక్టులో ఆయన నుంచి నేరుగా తీసుకున్నది అదే.

మేం మొదలుపెట్టింది అంకెలతో కాదు, రంగు చుక్కలతో. బంతికి ఇటూ అటూ రూపాయి బిళ్ళంత చుక్క: కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి నలుపు. బ్యాటర్ బాక్సులో హెల్మెట్‌తో నిలబడతాడు, బ్యాటు కదపడు, బంతి ప్లేట్ దాటేలోగా రంగు చెప్పాలి. సగం ఎరుపు, సగం నలుపు ఉంటే గుడ్డిగా చెప్పినా సగం సరిపోతాయి, కాబట్టి చుక్కలేని బంతులు కూడా కలపాలి, బకెట్‌లో వాటి పాళ్ళు ప్రతిసారీ మార్చాలి. రంగు కుదిరాక ఒక అంకె, ఫ్రంట్ టాస్ దూరం నుంచి. మార్కర్ రంగు టెన్నిస్ బంతి నూగు మీద త్వరగా వెలిసిపోతుంది, వారానికోసారి మళ్ళీ దిద్దుకోవాలి.

దీని తర్వాతి మెట్టు పిచర్లు సాధన చేసే చోట, అంటే బుల్‌పెన్‌లో, నిలబడటం. మన పిచర్ విసురుతాడు, బ్యాటర్ కొట్టడు, "స్ట్రైక్" (కొట్టదగ్గ చోట వచ్చింది), "బాల్" (బయట పోయింది) అని క్యాచర్ మిట్‌లో పడకముందే చెప్తాడు. డబ్బు ఖర్చు లేదు, చేతులు అలవవు. క్రికెట్లో బంతి పిచ్ మీద పడ్డాక ఏమవుతుందో చూసే సమయం ఉంటుంది. ఇక్కడ పడదు, నిర్ణయం ముందే అయిపోవాలి. తెలుగు పిల్లలకి అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన కసరత్తు ఇదే అని కోచ్ అభిప్రాయం, మాదీ అదే.

ఫిబ్రవరి: ఏ బంతి కొట్టాలి

పాత తరం గొప్ప బ్యాటర్ టెడ్ విలియమ్స్ స్ట్రైక్ జోన్‌ని (ప్లేట్ మీద, మోకాళ్ళకీ ఛాతీకీ మధ్య కొట్టదగ్గ చోటు) 77 బంతులుగా విడగొట్టాడు, అడ్డం 7, నిలువు 11. మధ్య భాగంలో తన సగటు .400 అవుతుందనీ, కింద అవతలి మూలలో .230కి పడిపోతుందనీ అంచనా వేసుకున్నాడు. ఒకే మనిషి, ఒకే స్వింగ్, బంతి చోటు మారితే ఇంత తేడా. ఆయన కూడా రిటైరై 1969లో వాషింగ్టన్ సెనేటర్స్‌కి మేనేజర్‌గా తిరిగొచ్చినవాడే.

77 గళ్ళు పిల్లలకి ఎక్కువ. మేం 9 గళ్ళ పట్టీ వేశాం. ప్రతి పిల్లవాడి స్వింగులూ టీ మీద 9 చోట్లా రికార్డు చేసి, రిబ్బన్ల లెక్కలో ఏ గడిలో మంచి లైన్ డ్రైవ్‌లు వచ్చాయో ఆకుపచ్చ పెన్నుతో నింపాం. ఆ కాగితం వాడి బ్యాగులో ఉంటుంది. ఇప్పుడు కోచ్ విసిరే ముందు కౌంట్ చెప్తాడు, ముందు బాల్స్, తర్వాత స్ట్రైకులు. "2-0" అంటే ఆకుపచ్చ గళ్ళలో పడితేనే స్వింగ్. "1-2" అంటే జోన్ మొత్తం కాపాడుకోవాలి. మార్కులు కొట్టినదానికి కాదు, నిర్ణయానికి. 2-0లో కింది మూల బంతిని వదిలేస్తే మార్కు, అదే బంతిని కొట్టి హిట్ సాధించినా సున్నా. మొదట్లో పిల్లలకి ఇది అన్యాయంగా అనిపిస్తుంది, పట్టు సడలించకూడదు.

ఈ దశలో బంతులు కలిపి వెయ్యాలి: ఒకటి వేగం, ఒకటి మెల్లగా, ఒకటి అవతల. వరసగా ఒకే బంతి వేస్తే కేజ్‌లో అద్భుతంగా కొడతారు, మ్యాచ్‌లో కాదు. కలిపి వేస్తే కేజ్‌లో చూడటానికి బాగోదు, పెద్దలు "ఫామ్ పోయింది" అంటారు. పోలేదు, పిల్లవాడు ఇప్పుడే నేర్చుకుంటున్నాడు.

కోచ్ చెయ్యి కూడా పరికరమే, దానికీ హద్దు పెట్టాం. 35 అడుగుల నుంచి విసిరేటప్పుడు రోజుకి మూడు బకెట్లు దాటనివ్వం. వేడెక్కకుండా స్వింగ్ చేసి చూపించడం కూడా వద్దన్నాం. రిటైరైన ఆటగాడి నడుము పట్టేస్తే జట్టుకి ఆ నెలంతా కోచ్ లేనట్టే.

మార్చి: బయటికి

మైదానంలో ఉదయం చలి ఇంకా ఉంది. కాంపొజిట్ (కార్బన్ నార కలిపిన) బ్యాట్లు చలిలో పగులుతాయి, 60 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపల వాటిని బ్యాగులోనే ఉంచి అల్యూమినియం వాడుతున్నాం. చలికి చేతులు జివ్వుమంటే పిల్లవాడు తర్వాతి బంతికి స్వింగ్ సగంలో ఆపేస్తాడు, గ్లవ్స్ లేకుండా ఎవరినీ బాక్సులోకి పంపడం లేదు. తడిసిన తోలు బంతులు బరువెక్కుతాయి, దూరం పోవు. వాటిని ఫీల్డింగ్ సాధనకి పక్కన పెట్టాం.

మొదటి సాధన మ్యాచ్‌ల వీడియోలు నవంబరు వీడియోల పక్కన పెట్టి చూస్తే చేతులు కిందికి దించే అలవాటు చాలామందిలో పోయింది. తల ముందుకి వంగడం ఇంకా ఉంది, ముఖ్యంగా రెండు స్ట్రైకులు పడ్డాక. ఫోమ్ దిమ్మె మళ్ళీ బయటికి తీస్తున్నాం, ఈసారి మెషిన్‌తో కాకుండా కోచ్ విసిరే బంతులతో. కర్వ్ బాల్ (గాల్లోనే వంపు తిరిగి దిగే బంతి) కోసం మెషిన్ చక్రాల వేగాల మధ్య తేడా ఎంత పెట్టాలో ఏప్రిల్‌లో చూడాలి. ఎడమచేతి పిచర్ల బంతి అలవాటు చెయ్యడానికి ఎడమచేత్తో విసరగలిగిన పెద్దవాళ్ళు ఒకరు కావాలి, ఎల్-స్క్రీన్ కూడా అటు తిప్పి కట్టుకోవాలి. ప్లేట్ వెనక రెండో పొర నెట్‌లో రెండు కళ్ళు తెగాయి, శనివారం సాధన లోపే కుట్టెయ్యాలి.